ఇరవై ఏడో నంబరు హాజరు

ఆ ఒక్క మాట కనిపించిన దగ్గరి నుంచి ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

గురువారం సాయంత్రం డాక్టరు చదువు సీట్లకు అర్హుల జాబితా వచ్చింది. అందులో సంహిత పేరు, నాలుగు వందల అరవై ఎనిమిది మార్కులు, ఆ పక్కన ‘స్థానికేతర’ అని. అవే మార్కులతో ఈ రాష్ట్రం పిల్లకు ప్రభుత్వ కాలేజీలో సీటు వస్తుంది. బయటి పిల్లయితే దేశమంతటి పిల్లలతో కలిసి ఇంకో వరసలో నిలబడాలి. ఆ వరసలో మరో అరవై డెబ్బై మార్కులు ఉంటే తప్ప తలుపు దాకా చేరలేరు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లూ వరుసగా ఇక్కడే చదివి ఉండాలన్నది నియమం. సంహిత పదో తరగతి నాంపల్లి బడిలోనే చదివింది, ఇంటర్ హిమాయత్‌నగర్‌లో చదివింది. తర్వాత ఒక ఏడు ఇక్కడే కోచింగ్ తీసుకుంది. తొమ్మిదో తరగతి ఒక్కటి గుల్బర్గాలో, మేనత్త విమల ఇంట్లో ఉండి చదివింది. అభ్యంతరాలుంటే శనివారం సాయంత్రం ఐదింటిలోగా చెప్పుకోవచ్చని జాబితా కింద చిన్న అక్షరాల్లో ఉంది.

గుల్బర్గా వేరే రాష్ట్రమని సంహిత తండ్రి వామన్‌రావు కుటుంబంలో ఎవరికీ తెలియక కాదు. తెలుసుగాని ఎప్పుడూ తట్టలేదు. అదంతా ఒకటే నిజాం రాజ్యంగా ఉన్న తాతల కాలం నుంచి ఆడపిల్లలను అక్కడికే ఇచ్చారు, కోడళ్లను అక్కడి నుంచే తెచ్చుకున్నారు. పొద్దున నాంపల్లిలో బండెక్కితే మధ్యాహ్నం భోజనానికి వియ్యాలవారి ఇంట్లో ఉంటారు. మధ్యలో ఎక్కడో ఒక సరిహద్దు దాటామని ఆ ఇంట్లో ఎవరూ కిటికీలోంచి తొంగి చూసిన పాపాన పోలేదు.

ఐదేళ్ల కింద, కరోనా వచ్చిన మొదటి ఏడు, విమల భర్త పోయాడు. ఆ ఇళ్లల్లో ఒక ఆనవాయితీ ఉంది. భర్త పోయిన మనిషిని సంవత్సరీకం దాటేదాకా ఒంటరిగా ఉంచరు. పిల్లలు లేని ఇల్లయితే బంధువుల్లో ఎవరో ఒకరు తమ పిల్లను తోడు పంపుతారు. వామన్‌రావు భార్య శశికళ తన పద్నాలుగేళ్ల కూతురు సంహితను పంపింది. పంపమని ఎవరూ అడగలేదు, తనే పంపింది. “ఏడాదే గద” అంది అప్పుడు.

ఆ ఏడాదే ఇప్పుడు తక్కువ పడింది.

శుక్రవారం పొద్దున వామన్‌రావు చాయ్ చేతిలో పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. గోడ మీద అద్దాల చట్రంలో ఆయన తాత కృష్ణారావు ముల్కీ సర్టిఫికెట్ ఉంది. నిజాం కాలంలో ఈ దేశపువాడే అని సర్కారు ఇచ్చిన కాగితం. ఉర్దూలో ఉంటుంది. ఇంట్లో ఎవరికీ చదవరాదు. దసరాకు మాత్రం దానికి దండ పడుతుంది.

“ఎనభై ఏండ్ల సంది ఈ గోడకున్నది ఈ కాయిదం. నా బిడ్డ బయటిదా? ఎదురింట్ల కిరాయికి నిన్న గాక మొన్న వచ్చినోళ్ల పిల్ల లోకల్. మనం గాము!”

“వాళ్లొచ్చి ఆరేండ్లయింది నాన్నా. ఆ పిల్ల నాతోనే టెన్త్ చదివింది. దానికి రావాల్సిందే” అంది సంహిత, దువ్వెనతో జుట్టు చిక్కు తీస్తూ. “ముత్తాత ఎక్కడోడని వాళ్లు అడుగుతలేరు. నేను ఏ బడిల కూసున్ననో అడుగుతున్నరు.”

“బడిల కూసుంటే ఊరోళ్లయితరా?”

“మరి గోడకు తగిలిస్తే అయితరా?”

వామన్‌రావు చాయ్ తాగకుండానే కప్పు కింద పెట్టి, అబిడ్స్‌లో తన షాపు తెరవడానికి వెళ్లిపోయాడు. ఆయనది రబ్బరు ముద్రల షాపు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం ఆఫీసులకు, బళ్లకు, డాక్టర్లకు ముద్రలు ఆయనే చేస్తాడు. ఆఫీసు నుంచి ఉత్తరం తేకపోతే ఎంత తెలిసిన మనిషికైనా ముద్ర చేయడు.

శశికళ గ్యాస్ కట్టేసింది. “కూరగాయలకు పోయొస్తా” అంది.

సంచీ తీసుకోవడం మరచిపోయింది.

*

బయట వాన కాదు, తడి. నీళ్లు పడుతున్నట్టు కనపడవుగాని చీర కుచ్చెళ్లు బరువెక్కుతాయి. స్టేషన్ వైపు నుంచి బండి రాక చెప్పే గొంతు మూడు భాషల్లో వచ్చి, గాలి తిరగ్గానే సగంలో తెగిపోయింది. శశికళ ఆ గొంతు వింటూ నడిచింది. పెళ్లై వచ్చిన ఇరవై రెండేళ్లుగా ఆ గొంతుతోనే ఆమెకు తెల్లవారుతోంది. ఎప్పుడూ ఎవరో వస్తున్నారని, ఎవరో పోతున్నారని చెబుతుంది. ఎవరని మాత్రం చెప్పదు.

నాంపల్లి సందులో సంహిత చదివిన బడి మూడంతస్తుల పాత ఇల్లు. మెట్ల మీద పావురాల వాసన. ఎక్కడో పై గదిలో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. ఆ చప్పుడు గోడల్లోంచి, నీళ్ల కింద నుంచి వస్తున్నట్టు వస్తోంది. ఆఫీసు గదిలో గుమస్తా అంజయ్య కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని చూశాడు.

“ఏందమ్మా, గిన్నేండ్లకు గిట్లొచ్చిన్రు? కూసోండ్రి, కూసోండ్రి. సంహిత మంచిగున్నదా? డాక్టరమ్మ అయిందా లేదా? నా మోకాళ్లు ఆ పిల్ల కోసమే ఆగినయ్. వేరే డాక్టర్‌కు సూపియ్యనంటున్నయ్.”

“ఇంకొన్నేండ్లు ఆగాలెనేమో అంజయ్యా” అంది శశికళ. కూర్చుని సంగతి చెప్పింది.

అంజయ్య వింటూ వింటూ తల గోక్కున్నాడు. మెదక్ పక్క పల్లె నుంచి పొలం అమ్ముకుని వచ్చి ఈ కుర్చీలో కూర్చుని ఇరవై ఎనిమిదేళ్లయింది. ఎందరి పుట్టిన తేదీలో, ఎందరి ఇంటిపేర్లో ఆయన చేతి మీదుగా పోయాయి.

“అయ్యో! గుల్బర్గ బయటిదా? మా మేనత్తను గాడికే ఇచ్చిన్రు” అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. “ఉండుండ్రి. ఆ యాడాది మీరు టీసీ తీసుకపోయిన్రా?”

 తాను ఎందుకు వచ్చిందో శశికళకు తెలుసు. తెలియనట్టు కూర్చుంది.

అంజయ్య బీరువా తెరిచి దుమ్ము కొట్టుకుంటూ ఒక పొడుగు రిజిస్టర్ తీశాడు. తొమ్మిదో తరగతి, బి సెక్షన్. వేలు తడి చేసుకుని తిప్పాడు. వేలు ఒక చోట నిలిచింది.

“సూడుండ్రి! ఇరవై ఏడో నంబర్, సంహిత. టీసీ తీయలే, పేరు కొట్టెయ్యలే. పైంగ హాజరు సూడుండ్రి. ఫోన్ల క్లాసులు నడిచిన నూట నలభై రెండు రోజులల్ల నూట ముప్పై తొమ్మిది! గింత హాజరు క్లాసుల ఎవ్వలకు లేదు. మా పెద్దసారు బిడ్డకు గూడ లేదు. గప్పుడు ఇంట్ల కూసోని గూడ సగం మంది మంచం దిగలే.”

శశికళ ఆ వరస చూసింది. ‘హా’, ‘హా’, ‘హా’ అని ఎర్ర సిరాతో చీమల బారులా సాగిపోయింది. నవంబరులో ఒక చోట మూడు చుక్కలు. ఆ మూడు రోజులూ ఆమెకు బాగా గుర్తు. జ్వరం. నూట రెండు.

“మరి పిల్ల గుల్బర్గల ఉన్నదంటిరి?” అంజయ్య కళ్లజోడు దించి ఆమె వైపు చూశాడు. “గాడ పేరు రాయించిన్రు గని, ఫోన్ల మన క్లాసే ఇన్నదా?”

“ఆ ఏడు ఎవరు ఎక్కడున్నరో ఎవరికి తెలుసు అంజయ్యా!”

“గదీ నిజమే.” ఆయన కలం తీసి, మూత తీయకుండా ఆగాడు. “అమ్మా, నా రూలు మీకెరుకే. రిజిస్టర్ల ఉన్నది రాస్త. లేనిది రాయ. మినిస్టర్ ఫోన్ జేసినా రాయ. గిది ఉన్నది. ఉన్నదే గదమ్మా?”

పైన ఎక్కాలు ఆగిపోయాయి. ఒక్క పిల్ల మాత్రం ఆగడం తెలియక ఇంకో ముక్క చదివి, తనూ ఆగింది.

“ఉన్నది” అంది శశికళ.

అంజయ్య చదివినట్టు సర్టిఫికెట్ రాశాడు. తీర్చిదిద్దినట్టు రాసి, గుండ్రటి ముద్ర తీసి ఊపిరి ఊది కొట్టాడు. “గీ ముద్ర మీ సారు చేసిందే. పదేండ్లాయె, ఒక్క అక్షరం అరగలే” అని నవ్వాడు.

*

ఇంటికి తిన్నగా పోవాలనిపించలేదు. అబిడ్స్ వైపు నడిచింది. పెద్ద పోస్టాఫీసు దాటి రోడ్డుకు ఇవతల, ఒక చెప్పుల దుకాణం చూరు కింద ఆగింది. ఎదురుగా అద్దం వెనక వామన్‌రావు తల వంచుకుని పని చేసుకుంటున్నాడు. ఆయన చుట్టూ గోడలకు వేలాడే ముద్రల్లో అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి. పెళ్లైన కొత్తలో ఆ షాపులో కూర్చుంటే ఆమెకు తల తిరిగేది. “కాగితం మీద పడ్డంక సీదా అయితది, ఫికర్ చెయ్యకు” అనేవాడు ఆయన.

తన పమిట కింది కాగితం సీదాగానే ఉంది. ఒక్క అక్షరం తిరగబడి లేదు. ఆమె రోడ్డు దాటలేదు.

ఇంటికి వచ్చేసరికి సంహిత కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకం. చదవడం లేదు. శశికళ కాగితం ఆమె చేతిలో పెట్టింది.

సంహిత చదివింది. మళ్లీ చదివింది.

“అమ్మా, ఇదేంది?”

“మన బడి ఇచ్చింది. రిజిస్టర్ల నీ పేరున్నది.”

“పేరుంటదేమో. హాజరు ఎట్లుంటది?” ఆమె గొంతు పెరగలేదు. పెరగకపోవడానికే శశికళకు భయమేసింది. “నేను ఆ క్లాసుల ఒక్కరోజు గూడ లేను. విమలత్త బడి ఆవరణల మమ్మల్ని దూరం దూరం కూసోబెట్టి చెప్పేటోళ్లు. పొద్దుగాల ఎనిమిదికి పోతే పన్నెండుకు వచ్చేటోళ్లం. ఫోన్ అత్త దగ్గర ఉండేది. నేను లేను. అంజయ్య సార్‌తోని అబద్ధం రాయించినవా?”

“అబద్ధం కాదు.”

“మరి?”

“హాజరున్నది నిజమే” అంది శశికళ. “నేనున్నా.”

*

ఆ సంగతి ఆమె ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది అనుకుంది. ఇప్పుడు కిటికీ గూట్లో కూతురి పక్కన కూర్చుని చెబుతుంటే, ఎవరో కన్న కలను తాను అప్పజెబుతున్నట్టుంది.

ఆ ఏడు అబిడ్స్ అబిడ్స్ కాదు. షట్టర్లన్నీ దించి ఉండేవి. స్టేషన్ గొంతు మూగబోయింది. ఇంట్లో వామన్‌రావు చేతులకు పని లేక పాత ముద్రలన్నీ కడిగి వరండాలో ఆరబెట్టేవాడు, ఎండాక మళ్లీ కడిగేవాడు. సంహిత వెళ్లిన మూడో రోజో నాలుగో రోజో, మూల పగిలిన పాత ఫోన్‌కు బడి నుంచి ఒక లింకు వచ్చింది. తర్వాత ఇవ్వొచ్చని విమల తన బడిలో టీసీ లేకుండానే చేర్పించింది, ఎప్పటికైనా తీసుకోవాలని శశికళకు తెలుసు. రేపు ఫోన్ చేసి చెప్దాం అనుకుంటూ, ఊరికే చూద్దామని వేలితో నొక్కింది.

నలభై చిన్న చిన్న గళ్లు తెరుచుకున్నాయి. ఒక్కో గడిలో ఒక్కో పేరు. ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత. ఎవరి తాతయ్యో దగ్గు. విజయ టీచర్ వరుసగా పిలుస్తోంది. ఇరవై నాలుగు. ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఇరవై ఏడు, సంహిత. ఎవరూ పలకలేదు. “సంహితా? ఉన్నవా బేటా?”

పలకని ఆ రెండు క్షణాలు శశికళకు ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయినట్టనిపించింది.  కింద గడిలో అక్షరాలు వెతుక్కుంటూ ‘ప్రెజెంట్’ అని కొట్టింది. టీచరు “గుడ్” అని ఇరవై ఎనిమిదికి వెళ్లిపోయింది. అంతే.

మర్నాడు మళ్లీ కొట్టింది. ఆ మర్నాడు అన్నం దింపి, పాత నోటుబుక్కు ఒకటి పట్టుకుని కూర్చుంది. టీచరు ఇంగ్లీషులో చెప్పేది, ఈమె తెలుగులో రాసుకునేది. కణం, దాని గోడ, లోపలికి దేన్ని రానివ్వాలో దేన్ని రానివ్వకూడదో చూసుకునే పలచటి పొర. బొమ్మలు వేసింది. రంగులు కూడా వేసింది, సంహిత వదిలి వెళ్లిన పెన్సిళ్లతో. పదో తరగతితో ఆగిపోయిన తన చదువు ఎవరో మళ్లీ మొదలుపెట్టి, మధ్యలో తన పేరు మార్చినట్టుండేది. కొన్ని పొద్దుటి పూటలు తాను సంహిత తల్లినో, సంహితనో కూడా తెలిసేది కాదు.

“ఒకసారి వేలు తగిలి వీడియో ఆనైంది” అంది శశికళ. “నలభై మంది చూసిన్రు, నన్ను. తలకు నూనె, భుజం మీద తువ్వాల. నా పానం పోయింది. విజయ టీచర్ చూసింది. చూసి, ఒక్క నిమిషం ఆగి ఏమన్నదో తెలుసా? ‘నంబర్ ఇరవై ఏడు, నీ వెనక పాలు పొంగుతున్నయ్, చూసుకో’ అన్నది.”

సంహితకు నవ్వు వచ్చింది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి.

“తర్వాత?”

“తర్వాతేముంది. నేను పాలు దింపొచ్చిన. ఆమె పాఠం చెప్పింది. హాజరు వేసింది. మళ్ల ఎన్నడూ అడగలే.”

 కిటికీ కింద ఒక ఆటోవాడు తడిసిన సీటును తుడుస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

“నేను గుల్బర్గల పొద్దున్నే లేచినప్పుడల్ల అనుకునేదాన్ని” అంది సంహిత నెమ్మదిగా. “నన్ను పంపి మీరిద్దరు నిమ్మలంగ ఉన్నరని. ఫోన్ల నువ్వు ‘తిన్నవా’ అని తప్ప ఇంకోటి అడగకపోతివి.”

“ఇంకోటి అడిగితే ఏడుస్తనని అడగలే.”

“ఆ నోట్‌బుక్ ఉన్నదా?”

శశికళ లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి తీసిచ్చింది. అట్ట మీద తన చేతిరాతతో సంహిత, తొమ్మిదో తరగతి, బి సెక్షన్ అని రాసుంది.

*

ఆరు గంటలకు వామన్‌రావు వచ్చాడు. వెనక విమల. చేతిలో చిన్న బ్యాగు, ముఖం నిండా ప్రయాణం.

“ఇదేంది విమలా, చెప్పకుండ?” అంది శశికళ.

“చెప్పకుండ ఏంది, అన్ననే నిన్న ఫోన్ చేసె.”

వామన్‌రావు భార్య వైపు చూడలేదు. అప్పుడు అర్థమైంది శశికళకు. తాను ఆయనకు చెప్పకుండా ఒక పని చేసినట్టే, ఆయనా తనకు చెప్పకుండా ఒకటి చేశాడు.

విమల బ్యాగులోంచి ఒక కవరు తీసింది. తాను పనిచేసే బడి హెడ్‌మాస్టర్‌ను బతిమాలి రాయించుకొచ్చిన ఉత్తరం. ఈ పేరుగల విద్యార్థిని ఆ ఏడు తమ బడిలో చదవలేదని, ఇంతకుముందు ఇచ్చిన సర్టిఫికెట్ పొరపాటున ఇచ్చామని అందులో ఉంది.

“ఇంకేం!” వామన్‌రావు శశికళ తెచ్చిన కాగితం కూడా చదివి, రెండూ పక్కపక్కన పెట్టి మోకాలి మీద చరిచాడు. “రెండు కాయిదాలు జత కుదిరినయ్. అక్కడ లేదు, ఇక్కడ ఉన్నది. ఎవడు కాదంటడో చూస్త!”

“నాన్నా” అంది సంహిత. “ఎవరన్న లెటర్ లేకుండ వచ్చి ముద్ర చేయమంటే ఏం చేస్తవ్?”

“ఎల్లగొడత.”

“మరి ఇది?”

వామన్‌రావు చేయి మోకాలి మీదే ఉండిపోయింది. “ఇది వేరే.”

“ఎట్ల వేరే?”

“నా బిడ్డది గాబట్టి” అన్నాడు. అన్నాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు కూతురి వైపు చూశాడు. “తెల్వదు సంహితా. ముప్పై ఏండ్లు సీదా ఉన్న. ఒక్కరోజు వంకర ఉంటే ఏమైతదో తెల్వదు.”

“దొరికితే సీటు పోతది. అంజయ్య సార్ నౌకరీ పోతది” అంది సంహిత.

విమల మంచినీళ్లు తాగుతూ గ్లాసు వైపే చూస్తోంది. “ఆ ఏడాది నా ఇంట్ల ఎవ్వరు లేరని రాయించుకొచ్చిన వదినా” అంది. “బండిల నాలుగుసార్లు చదివిన. చదివినప్పుడల్ల ఇల్లు ఖాళీ అయింది. పొద్దున్నే చాయ్‌కు లేపితే ‘ఇంకొక్క నిమిషం అత్తా’ అనేది. అదొక్కటి వినడానికే లేచేదాన్ని ఆ ఏడాది. ఇప్పుడు అది లేదని నేనే సంతకం పెట్టించుకొచ్చిన. ఏం కాదులే. పిల్ల డాక్టరైతే చాలు.”

ఎవరూ ఆమె వైపు చూడలేకపోయారు.

“అక్కడ నేను లేనట. ఇక్కడ నేను లేను, అమ్మ ఉన్నది” అంది సంహిత. “మరి ఆ ఏడాది నేను ఎక్కడున్నట్టు?”

స్టేషన్ గొంతు ఏదో బండి పేరు చెప్పి ఊరుకుంది. సంహిత కళ్లు ఎదుటి గోడ మీదికి పోయాయి.

“అత్తా, ముత్తాత నీకు ఉర్దూ నేర్పిండు గద. దాంట్ల ఏం రాసుంది?”

విమల లేచి, కొంగుతో అద్దం తుడిచింది. అక్షరాల కింద వేలు కుడి నుంచి ఎడమకు నడిచింది. “కృష్ణారావు... వయసు ఇరవై ఒకటి... పుట్టిన చోటు గుల్బర్గా. ఉంటున్న చోటు నాంపల్లి. ఇతడు ఈ ముల్కు మనిషేనని రాసిస్తున్నాం. ఫసలీ పదమూడు వందల యాభై, అంటే పందొమ్మిది వందల నలభై.”

“తాత గుల్బర్గాల పుట్టిండా?” వామన్‌రావు లేచి నిలబడ్డాడు. “నాంపల్లిల కాదా?”

“దండ వేసుడే గని నువ్వెన్నడన్న అడిగితివా అన్నా?”

సంహిత ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. “రెండూళ్లున్నయ్ ఒక్క కాయిదంల” అంది, తనలో తాను చెప్పుకున్నట్టు. నోటుబుక్కు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. భోజనానికి వచ్చింది, మేనత్త పక్కనే కూర్చుని తిన్నది, ఆమె కంచంలోంచి అప్పడం ముక్క విరుచుకుంది. కాగితాల ఊసు ఎత్తలేదు.

*

శనివారం ఎండ కాసింది. వాన తర్వాతి ఎండ, కడిగిన గాజులా. శశికళ స్నానం చేసి వచ్చేసరికి గోడ మీద నలుచదరంగా ఒక తెల్లటి జాగా కనిపించింది. ఎనభై ఏళ్లలో అక్కడ సున్నం మొదటిసారి వెలుతురు చూస్తోంది. చట్రం లేదు.

“సంహితా!”

పక్క మడిచి ఉంది. బల్ల మీద నాంపల్లి సర్టిఫికెట్, గుల్బర్గా ఉత్తరం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పైన బరువుగా వామన్‌రావు చేసిన పాత ముద్ర ఒకటి. నోటుబుక్కు మాత్రం లేదు.

“రెండూ ఇడిచిపెట్టి పోయిందా?” వామన్‌రావు చెప్పులు వెతుక్కుంటూ అన్నాడు. “మరి చేతుల ఏం పట్టుకపోయినట్టు? ఆ పటమా? ఆ పటం చూపిస్తే నవ్వుతరు వాళ్లు!” ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. విమల గుమ్మంలో నిలబడి కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

పది దాటింది. పదిన్నర దాటింది. పదీ నలభైకి శశికళ ఫోన్ మోగింది. కొత్త నంబరు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది. మగ గొంతు, మర్యాదగానే ఉంది. వెనక జనం గుసగుసలు, ఎక్కడో ఫ్యాన్ కిర్రుమంటోంది.

“సంహిత తల్లి గారేనా అమ్మా మాట్లాడేది? సర్టిఫికెట్ల పరిశీలన నుంచి. మీ అమ్మాయి నా ముందే ఉంది. ఒక నోట్‌బుక్కు, ఒక పటం బల్ల మీద పెట్టింది. తొమ్మిదో తరగతి తాను గుల్బర్గాలోనే చదివానంటోంది. కానీ తన పేరు అదే ఏడు నాంపల్లి బడి రిజిస్టర్‌లో కూడా ఉందని తనే చెబుతోంది.” ఆయన ఆగాడు. కాగితాలు తిప్పిన చప్పుడు. “ఇరవై ఏడో నంబరు హాజరు మీదేనట. అంతా రాసుకునే ముందు మిమ్మల్ని ఒక్కమాట అడగమంటోంది. నిజమేనా అమ్మా?”

వామన్‌రావు వద్దన్నట్టు చేయి ఊపబోయాడు. ఆ చేయి గాలిలో సగం దూరం వెళ్లి నిలిచిపోయింది. విమల కళ్లు మూసుకుంది. బల్ల మీద అంజయ్య తీర్చిదిద్దిన అక్షరాలు ఎండకు మెరుస్తున్నాయి. నిన్న ఆయన అడిగితే ‘ఉన్నది’ అని ఒక్కమాటలో జవాబు చెప్పింది. ఆ ఒక్కమాట ఈ రోజు కూడా నోటి చివరే ఉంది. నిజమేనంటే ఆ హాజరు సంహితది కాదని తేలిపోతుంది, కాదంటే కూతురు అబద్ధమాడినట్టవుతుంది.

ఫోన్‌లో నిశ్శబ్దం. ఐదేళ్ల కింద విజయ టీచర్ పేరు పిలిచి ఆగినప్పుడు ఆ నలభై గళ్లలో పరుచుకున్న నిశ్శబ్దం లాంటిదే. ఆ నిశ్శబ్దానికి అవతల సంహిత ఊపిరి వినిపిస్తోంది, తన పేరు పలికేవారి కోసం కాచుకున్నట్టు.

శశికళ నోరు తెరిచింది.